కొత్త స్పోర్ట్ టూరింగ్ బండి: ఇంజిన్‌ని చదవడం ఎలా, సస్పెన్షన్‌ని మన బరువుకు సర్దుకోవడం ఎలా

తిరుపతిలో ఉండేవాళ్లు పెద్ద బండి కొనాలంటే సగం పని బస్సులోనే జరుగుతుంది. టెస్ట్ రైడ్‌కి చెన్నై పోవాలి, కాదంటే బెంగళూరు పోవాలి. అక్కడ షోరూం కుర్రాడు పది నిమిషాలు తాళం చేతిలో పెడతాడు, సిగ్నల్ దాకా పోయి తిరిగొస్తాం, చేతులు ఇంకా వణుకుతుండగానే అడ్వాన్స్ కట్టేస్తాం. ఆ తర్వాత ఇంటావిడని వెనక కూర్చోబెట్టుకుని, రెండు పక్కలా పెట్టెలు తగిలించుకుని భాకరాపేట ఘాట్ ఎక్కినరోజు అసలు సంగతి బయటపడుతుంది. నాకు అట్లే బయటపడింది, అది కింద చెప్తాను. ఆ పది నిమిషాల్లో ఏం చూడాలి, బండి ఇంటికొచ్చాక మొదటి ఆదివారం ఏం చేయాలి అనేదే ఇక్కడ రాస్తున్నాను.

స్పోర్ట్ టూరింగ్ అంటే ఏమిటని కొత్తవాళ్లకి అనుమానం రావచ్చు. రేసు బండి మీద ముందుకు వంగి కూర్చోవాలి, గంటలో నడుము పట్టేస్తుంది. అడ్వెంచర్ బండి ఎత్తుగా, మట్టి రోడ్డుకి పనికొచ్చేలా ఉంటుంది. ఈ రెండింటికీ మధ్యది ఇది: తారు రోడ్డు మీద మలుపుల్లో బాగా వంగాలి, ఇద్దరు మనుషులూ సామానూ వేసుకుని 400 కిలోమీటర్లు పోయినా దిగినాక మనిషి మనిషిలా ఉండాలి. ఈ తరగతి బండ్లలో ఈ మధ్య వచ్చిన మార్పులు చూస్తే రెండే కనబడతాయి. ఇంజిన్లు పైన ఆర్‌పీఎంలో (ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందన్న లెక్క అది) ఉండే పవర్ మీద మోజు తగ్గించుకుని కింద, మధ్యలో బలం పెంచుకున్నాయి. సస్పెన్షన్ స్క్రూడ్రైవర్ చేతిలోంచి బటన్ మీదికి, కొన్నిట్లో పూర్తిగా కంప్యూటర్ చేతిలోకి పోయింది. మొదటిది మన రోడ్లకి నిజంగా మేలు. రెండోది డబ్బుంటే మంచిదే, కానీ స్ప్రింగ్‌ని మీ బరువుకు సర్దకపోతే ఏ కంప్యూటరూ మీ నడుముని కాపాడదు.

పవర్ పక్కనుండే నంబరు చూడండి

బ్రోచర్‌లో అందరూ చూసేది పీఎస్, అంటే పవర్ కొలత. దాని పక్కన చిన్న అక్షరాల్లో ఆర్‌పీఎం రాసుంటుంది, ఆ కింద టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం, దాని పక్కన మళ్లీ ఆర్‌పీఎం. చదవాల్సింది ఆ చిన్న అక్షరాలనే.

ఒక ఉదాహరణ చూడండి. కవాసాకీ నింజా 1000ఎస్‌ఎక్స్‌లో 1043 సీసీ ఇంజిన్, 142 పీఎస్, అదీ 10,000 ఆర్‌పీఎం దగ్గర. దాని తర్వాత వచ్చిన నింజా 1100ఎస్‌ఎక్స్‌లో 1099 సీసీ. సీసీ పెరిగింది కదా, పవరూ పెరిగుంటుందనుకుంటాం. పెరగలేదు, 136కి తగ్గింది, అది కూడా 9,000 దగ్గరే వచ్చేస్తుంది. టార్క్ మాత్రం 111 నుంచి 113 న్యూటన్ మీటర్లకు పెరిగి, 8,000 బదులు 7,600 దగ్గరే అందుతుంది. లోపల చేసినవాటిలో ముఖ్యమైనది ఇది: పిస్టన్ వెడల్పు 77 మిల్లీమీటర్లు అలాగే ఉంచి, అది పైకీ కిందికీ పోయే దూరాన్ని, అంటే స్ట్రోక్‌ని, 56 నుంచి 59కి పెంచారు. ఐదు, ఆరు గేర్లు కూడా కాస్త పొడుగు చేశారు, హైవే మీద ఇంజిన్ తక్కువ తిరగడానికి. బ్రోచర్ పక్కపక్కన పెట్టుకుని పాతదే మేలని వాదించినవాళ్లు నాకు తెలుసు. నడిపితే ఆ మాట అనరు.

ఎందుకిలా చేశారంటే పొగ నిబంధనలు. మన దగ్గర బీఎస్6 2020 ఏప్రిల్‌లో వచ్చింది, యూరప్‌లో యూరో 5 ప్లస్ 2025 నుంచి అమల్లోకి వచ్చింది. పై ఆర్‌పీఎంలో పవర్ పిండాలంటే ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కాసేపు ఒకేసారి తెరుచుకుని ఉండాలి. అప్పుడు కాలని పెట్రోలు కొంత నేరుగా సైలెన్సర్‌లోకి జారిపోతుంది. నిబంధన దాన్ని ఒప్పుకోదు. ఆ సమయం తగ్గించి, పెద్ద క్యాటలిటిక్ కన్వర్టర్ పెడితే పైన పవర్ పడిపోతుంది. పోయినదాన్ని రాబట్టడానికి సీసీ పెంచుతారు. అందుకే దాదాపు ప్రతి కంపెనీ ఇంజినూ కొంచెం కొంచెంగా లావెక్కుతోంది. బీఎండబ్ల్యూ బాక్సర్, అంటే రెండు సిలిండర్లు చెరో పక్కకి పడుకుని ఉండే ఇంజిన్, కూడా 1254 సీసీ నుంచి 1300 అయింది. వాళ్లు మాత్రం స్ట్రోక్ 76 నుంచి 73కి తగ్గించి, పిస్టన్‌ని 102.5 నుంచి 106.5కి వెడల్పు చేశారు, గేర్‌బాక్స్‌ని ఇంజిన్ వెనకనుంచి తీసి కిందికి జరిపారు. దారి వేరైనా అక్కడా టార్క్ పెరిగింది, 143 నుంచి 149కి. 2018లో వచ్చిన షిఫ్ట్‌క్యామ్ పద్ధతిని, అంటే ఇన్‌టేక్ వాల్వు తక్కువ వేగంలో కొంచెమే, ఎక్కువ వేగంలో బాగా తెరుచుకునే ఏర్పాటుని, అలాగే ఉంచారు.

ఇంకో ముక్క. మన దేశంలో నాలుగు లేన్ల హైవే మీద టూవీలర్‌కి కేంద్రం పెట్టిన గరిష్ఠ వేగం గంటకు 80. ఆ వేగంలో పెద్ద బండి ఆరో గేరులో మామూలుగా 3,000 నుంచి 4,000 ఆర్‌పీఎం మధ్య తిరుగుతుంటుంది. 10,000 దగ్గర వచ్చే 142 పీఎస్‌తో పాకాల రోడ్డులో ఏం చేస్తారు చెప్పండి! మీరు కొనేది 3,000 నుంచి 6,000 మధ్యనుండే ఇంజిన్‌ని. మిగతాది ఫ్రెండ్స్‌కి చెప్పుకోడానికి.

క్రాంకు సంగతి, కొంచెం ఓపికగా

ఒకప్పుడు స్పోర్ట్ టూరర్ అంటే నాలుగు సిలిండర్లే. యమహా ఎఫ్‌జేఆర్1300 లాంటివి. ఇప్పుడు మధ్య తరగతిలో రెండు సిలిండర్లు వరసగా ఉండే ప్యారలల్ ట్విన్ రాజ్యమేలుతోంది, చవక, సన్నం, బరువు తక్కువ. కానీ ట్విన్ అని రాసుంటే సరిపోదు, క్రాంకు, అంటే పిస్టన్ల కదలికని చుట్టు తిరగడంగా మార్చే ఇరుసు, ఎన్ని డిగ్రీలో అడగండి.

180 డిగ్రీలది అంటే ఒక పిస్టన్ పైనున్నప్పుడు ఇంకొకటి కిందుంటుంది. కవాసాకీ నింజా 650, వెర్సిస్ 650, హోండా ఎన్ఎక్స్500 ఈ రకం. పైకి తిప్పే కొద్దీ ఉషారుగా ఉంటాయి. 270 డిగ్రీలదైతే రెండో పిస్టన్ ముప్పావు చుట్టు తేడాతో నడుస్తుంది. దీన్ని వినడానికి షోరూంకి పోనక్కర్లేదు, రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 మీ వీధిలోనే ఎక్కడో ఒకటి ఉంటుంది, అది ఆగి ఉన్నప్పుడు వచ్చే ఆ తడబడే లయే 270. సుజుకీ జీఎస్ఎక్స్-8ఆర్, బీఎండబ్ల్యూ ఎఫ్ 900 ఎక్స్‌ఆర్ అదే దారి. 1995లో యమహా టీఆర్‌ఎక్స్850 ఈ పద్ధతి తెచ్చినప్పుడు వింతగా చూశారు, ఇప్పుడు కొత్త ట్విన్ వస్తే 270 కాకపోతేనే వింత.

ఎందుకు బాగుంటుందంటే, పిస్టన్ పై కొసకో కింది కొసకో చేరి క్షణం ఆగి తిరుగుతుంది కదా, 180లో రెండూ ఒకేసారి ఆగుతాయి, రెండూ ఒకేసారి పరుగెత్తుతాయి. దాంతో క్రాంకు తిరగడంలోనే చిన్న కుదుపు పుడుతుంది. 270లో ఒకటి ఆగినప్పుడు ఇంకొకటి పరుగులో ఉంటుంది, ఆ కుదుపు చాలావరకు రద్దయిపోతుంది. మలుపు మధ్యలో మీరు యాక్సిలరేటర్ రవ్వంత తిప్పితే వెనక చక్రానికి రవ్వంతే చేరుతుంది, అంత స్పష్టంగా తెలుస్తుంది. వర్షానికి తడిసిన ఘాట్‌లో దీని విలువ తెలుస్తుంది.

మూడు సిలిండర్లవి, అంటే ట్రయంఫ్ టైగర్ స్పోర్ట్ 660, 800, యమహా ట్రేసర్ 9 లాంటివి, నా దృష్టిలో ఈ పనికి అన్నిటికంటే కుదిరిన ఇంజిన్లు. ట్విన్‌లో ఉండే కింది బలం, నాలుగింటిలో ఉండే పై పరుగు రెండూ కొంత కొంత దొరుకుతాయి. ట్రేసర్ మన దగ్గర అమ్మరు, అది వేరే బాధ. డుకాటీ వాళ్ల కథ ఇంకా తమాషా: వాల్వుని స్ప్రింగుతో కాకుండా క్యామ్‌తోనే మూసే డెస్మో పద్ధతి వాళ్ల ఇంటి గుర్తు. అదే కంపెనీ 2021 మల్టిస్ట్రాడా వీ4 ఇంజిన్‌లో డెస్మో పక్కన పెట్టి మామూలు స్ప్రింగులు వాడింది. దాంతో వాల్వు క్లియరెన్స్ చూపించుకునే పని 60,000 కిలోమీటర్లకు ఒకసారికి తగ్గింది. బ్రోచర్‌లో మెరిసే మాట కాదు కానీ, సర్వీసుకి 135 కిలోమీటర్లు చెన్నై పోయే తిరుపతివాడికి మిగతా అంకెలకన్నా ఇదే ముఖ్యం. ఏ బండి కొన్నా ఈ ఒక్క నంబరు అడిగి రాసుకోండి.

క్విక్‌షిఫ్టర్, ఆటోమేటిక్ క్లచ్, రాడార్ గురించి ఇక్కడ రాయను, అవి లేకపోయినా బండి బండే.

ఆ పది నిమిషాల్లో ఇంజిన్‌ని ఇలా పరీక్షించండి

ముందు మోడ్‌ని మామూలు రోడ్ మోడ్‌లో పెట్టమనండి. షోరూంవాళ్లు స్పోర్ట్‌లో పెట్టి ఇస్తారు, తిప్పగానే ఎగిరితే మనం పడిపోతామని వాళ్లకి తెలుసు. ఖాళీ రోడ్డు దొరగ్గానే ఆరో గేరు వేసి 60కి దిగండి, క్లచ్ ముట్టుకోకుండా నెమ్మదిగా తిప్పండి. చైన్ టకటకా కొట్టుకోకుండా, ఇంజిన్ దగ్గకుండా 80 దాకా లాగిందా? జూన్‌లో చిత్తూరు రోడ్డంతా తోతాపురి మామిడి ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి, ప్రతి ట్రాక్టర్‌కీ రెండు గేర్లు దించాల్సి వస్తే బంగారుపాళ్యం చేరేలోపు ఎడమ చెయ్యి పడిపోతుంది. అందుకే ఈ పరీక్ష మొదట.

రెండోది, 80లో నిలకడగా పోతూ అద్దాల్లో చూడండి. వెనక లారీ నంబరు చదవగలిగితే వైబ్రేషన్ లేనట్టే. మసగ్గా ఉంటే అదే వేగంలో ఒక గేరు తగ్గించి మళ్లీ చూడండి. కొన్ని ఇంజిన్లకి ఒకచోట మాత్రమే గింగిర్లు ఉంటాయి, అది సరిగ్గా మీరు రోజూ పోయే వేగంలోనే ఉంటే బండి వదిలేయండి.

మూడోది వేడి. కొత్త ఇంజిన్లు పెట్రోలు పొదుపుగా కలిపి కాలుస్తాయి, కన్వర్టర్ కాళ్లకి దగ్గర్లో ఉంటుంది. మే నెల మధ్యాహ్నం లీలామహల్ సర్కిల్‌లో రెండు సిగ్నళ్లు ఆగి చూస్తే ఫ్యాన్ గాలి ఎటు కొడుతుందో తెలుస్తుంది. చెన్నైలో టెస్ట్ రైడ్ అయితే పొద్దున తొమ్మిదికి కాదు, ఒంటిగంటకి అపాయింట్‌మెంట్ తీసుకోండి. చెమటలు పడతాయి, పట్టనివ్వండి. పెట్రోలు మూత దగ్గర ఈ20 అని (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు పోయొచ్చని) స్టిక్కర్ ఉందో లేదో కూడా అప్పుడే చూసేయండి, ముఖ్యంగా పాత స్టాకు, సెకండ్‌హ్యాండ్ అయితే.

సస్పెన్షన్: నేను చేసిన తప్పు

నా బండి సెకండ్‌హ్యాండ్‌ది, నాలుగు సిలిండర్లది. వేరే ఊళ్లో కొన్నాను. అక్కడి మెకానిక్ వెనక స్ప్రింగ్‌ని చివరిదాకా బిగించి, "హార్డ్‌గా ఉంటేనే స్టెబిలిటీ సార్" అన్నాడు. నేనూ తలూపాను. బండి మంచిది, ఇంజిన్ వెన్న. ఒకరోజు ఇంటావిడతో మదనపల్లె బయల్దేరాం. చంద్రగిరి దాటి రంగంపేట దాకా బాగానే ఉంది, ఘాట్‌లో గతుకులు మొదలయ్యేసరికి వెనక చక్రం ప్రతి గతుక్కీ ఎగిరి, దిగి, మళ్లీ ఎగరడం. ముందు చక్రం దారి తనది, వెనక చక్రం దారి తనది. పీలేరులో టీకి ఆగితే ఆమె దిగి, "నువ్వు పో, నేను బస్సుకొస్తా" అనింది. వచ్చింది కూడా, బస్సులోనే.

బండి తప్పు కాదు. ఒంటరిగా 70 కిలోలు ఉండే నేను, ఇద్దరికీ సామానుకీ సరిపోయేలా బిగించిన స్ప్రింగ్ మీద రోజూ తిరుగుతున్నాను. ఇద్దరం ఎక్కినప్పుడేమో స్ప్రింగ్ తిరిగి తెరుచుకునే వేగాన్ని పట్టి ఉంచే రీబౌండ్ స్క్రూ పూర్తిగా వదులుగా ఉంది. నేను ఆ రెండూ ఒకటే అనుకునేవాణ్ని.

కాబట్టి ముందు పేర్లు సరిచేసుకుందాం. ప్రీలోడ్ అంటే స్ప్రింగ్‌ని ముందే ఎంత నొక్కి ఉంచామన్నది. చాలామంది అనుకున్నట్టు దానివల్ల స్ప్రింగ్ గట్టిపడదు, బండి ఎంత ఎత్తులో నిలబడుతుందో మారుతుంది, అంతే. కంప్రెషన్ డ్యాంపింగ్ అంటే గతుకు తగిలినప్పుడు చక్రం లోపలికి పోయే వేగానికి పగ్గం. రీబౌండ్ అంటే అది తిరిగి బయటికొచ్చే వేగానికి పగ్గం. ఈ రెండు పగ్గాలూ లోపలి నూనె చేతిలో ఉంటాయి. స్ప్రింగ్ బరువు మోస్తుంది, నూనె ఊపు ఆపుతుంది.

శ్యాగ్ కొలవడం: ఒక టేపు, ఇద్దరు మనుషులు

శ్యాగ్ అంటే మీరు కూర్చుంటే బండి ఎంత కుంగుతుందన్న లెక్క. కొత్త బండి తెచ్చిన మొదటి ఆదివారం చేయాల్సింది ఇదే, అరగంట పని. అంతకంటే ముందు, ఎండ ఎక్కకముందే, టైర్లలో గాలి చూసుకోండి. చాలా పెద్ద బండ్లకి ముందు 36, వెనక 42 పీఎస్ఐ అని ఉంటుంది, మీ మాన్యువల్‌లో ఎంతుంటే అంత. పెట్రోలు బంకు మీటర్‌ని నమ్మకుండా సొంతంగా ఒక చిన్న గేజ్ కొనుక్కోండి. గాలి తప్పుగా ఉంటే కింద చెప్పేదంతా గాలికే.

వెనక యాక్సిల్ మధ్య నుంచి నిట్టనిలువుగా పైన, సీటు పక్క ప్యానెల్ మీద ఒక టేపు ముక్క అంటించి గీత పెట్టండి. సెంటర్ స్టాండ్ ఉంటే దాని మీద వేయండి, లేకపోతే ఇద్దరు మనుషులు వెనక పట్టుకుని చక్రం నేల వదిలేదాకా ఎత్తాలి. చక్రం పూర్తిగా వేలాడుతున్నప్పుడు యాక్సిల్ నుంచి గీత దాకా కొలవండి, ఉదాహరణకి 600 మిల్లీమీటర్లు. ఇప్పుడు బండిని నేల మీద నిటారుగా, దాని సొంత బరువు మీద నిలబెట్టి మళ్లీ కొలవండి, 588 అనుకుందాం. తేడా 12, ఇది ఖాళీ శ్యాగ్. ఇప్పుడు మీరు హెల్మెట్, జాకెట్, బూట్లు అన్నీ వేసుకుని కూర్చుని రెండు కాళ్లూ ఫుట్‌రెస్టుల మీద పెట్టండి, ముందు ఒకరు హ్యాండిల్ పట్టుకోవాలి. లుంగీలో కొలిస్తే లుంగీలోనే నడపాల్సి వస్తుంది. రెండోవాళ్లు వెనక ఒకసారి నొక్కి వదిలి కొలవాలి, ఇంకోసారి కొంచెం పైకి ఎత్తి వదిలి కొలవాలి. లోపలి రాపిడి వల్ల రెండూ ఒకేలా రావు, రెండిటి సగటు తీసుకోండి. 557 వచ్చిందనుకుంటే 600లోంచి తీసేస్తే 43. ఇదే మీ శ్యాగ్.

ఎంతుండాలి? మొత్తం చక్రం కదిలే దూరంలో సుమారు 30 శాతం. టైగర్ స్పోర్ట్ 660లో వెనక 150 మిల్లీమీటర్ల కదలిక ఉంది, అంటే 45 దగ్గరుండాలి. ఎక్కువ కుంగితే ప్రీలోడ్ బిగించండి, తక్కువైతే వదలండి. అదే బండిలో ప్రీలోడ్‌కి చేత్తో తిప్పే నాబ్ ఉంటుంది, ఇలాంటిది ఉంటే అదృష్టం. లేనివాటికి సి-స్పానర్ వాడాలి, సీటు కింద టూల్‌కిట్‌లో ఉంటుంది, మీ ముందు ఓనర్ పారేసి ఉండకపోతే.

ఇక్కడే ఒక కిటుకు. మీ శ్యాగ్ సరిగ్గా వచ్చింది, కానీ ఖాళీ శ్యాగ్ దాదాపు సున్నా, అంటే బండి ఒంటరిగా నిలబడితే అసలు కుంగడం లేదు. అప్పుడు ఆ స్ప్రింగ్ మీ బరువుకి మెత్తనిది, విపరీతంగా బిగించి నెట్టుకొస్తున్నారన్నమాట. దీనికి బిగించడం మందు కాదు, స్ప్రింగే మార్చాలి. తిరగేసి, ఖాళీ శ్యాగే చాలా ఎక్కువుండి మీరు కూర్చున్నాక పెద్దగా మార్పు లేకపోతే స్ప్రింగ్ మీకు మరీ గట్టిది. కంపెనీలు ఏదో ఒక సగటు బరువుకి స్ప్రింగ్ పెడతాయి, సంగటి ముద్దలు తినే మన బావల బరువుకి కాదు.

ఆ తర్వాత ఇంటావిడని కూడా కూర్చోబెట్టి, పెట్టెలు తగిలించి, ఇదే కొలత మళ్లీ తీయండి. అదే 43కి రావడానికి నాబ్ ఎన్ని చుట్లు తిప్పాల్సి వచ్చిందో రాసుకోండి. ఇద్దరికి ఇన్ని, ఒంటరికి ఇన్ని. ఈ రెండు నంబర్లు నేను సీటు అడుగున స్కెచ్ పెన్నుతో రాశాను.

ముందు ఫోర్క్‌కి, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే జంట గొట్టాలకి, కూడా ఇదే పద్ధతి, ఒక గొట్టానికి జిప్ టై కట్టి కొలవచ్చు. చవక బండ్లలో ముందు ఏ సర్దుబాటూ ఉండదు, అప్పుడు కొలిచి తెలుసుకోవడమే.

క్లిక్కులు

రీబౌండ్ స్క్రూ వెనక షాక్ అబ్జార్బర్ కింది భాగంలో, ఫోర్క్ పై భాగంలో ఉంటుంది. ముందు గడియారం దిశలో మెల్లగా ఆగేదాకా తిప్పుతూ ఎన్ని క్లిక్కులో లెక్కపెట్టండి, ఆగాక బలంగా బిగించొద్దు, లోపల సూది మొన దెబ్బతింటుంది. ఆ లెక్క రాసుకుని, మాన్యువల్‌లో చెప్పిన స్టాండర్డ్ దగ్గరికి వెనక్కి రండి. అక్కడనుంచి ఒకసారికి రెండు క్లిక్కులు, ఒకసారికి ఒక్క స్క్రూ మాత్రమే. నాలుగూ ఒకేసారి తిప్పి రోడ్డెక్కినవాడికి ఏది ఏం చేసిందో ఎప్పటికీ తెలియదు.

సీటు మీద చేత్తో గట్టిగా నొక్కి వదలండి. పైకొచ్చి ఒక్కసారి సర్దుకుని ఆగిపోతే సరి. ఊగుతుంటే రీబౌండ్ తక్కువ, నా భాకరాపేట జబ్బు అదే. మరీ నిదానంగా, బద్ధకంగా లేస్తే ఎక్కువైంది. ఇది ఇంకా మాయదారిది: వరసగా గతుకులు వస్తే ఒకదాన్నుంచి తేరుకునేలోపు రెండోది తగులుతుంది, చక్రం లోపలే ఇరుక్కుపోతూ పోతుంది, రైడర్‌కేమో స్ప్రింగ్ గట్టిగా ఉందనిపిస్తుంది, పోయి ప్రీలోడ్ వదిలేస్తాడు. తిప్పాల్సింది రీబౌండ్. ఇద్దరు కూర్చుంటే ప్రీలోడ్‌తో పాటు రీబౌండ్ కూడా ఒకటి రెండు క్లిక్కులు పెంచాలి, బరువు ఎక్కువైతే ఊపూ ఎక్కువే కదా.

పరీక్షకి రోడ్డు కావాలంటే నేను పొద్దున్నే చంద్రగిరి నుంచి రంగంపేట వైపు ఒకే పది కిలోమీటర్లు పోయి వస్తాను, ప్రతి మార్పు తర్వాతా అదే ముక్క. తిరుమల ఘాట్‌ని దీనికి వాడకండి, అది భక్తుల దారి, వేగానికి పనికిరాదు, ఎప్పుడు ఏ జంతువు అడ్డమొస్తుందో తెలియదు. కాకపోతే దర్శనానికి పోయినప్పుడు దిగే దారి, 1944లో వేసిన పాత ఘాట్, 36 హెయిర్‌పిన్ మలుపులతో ఒక సంగతి చెప్తుంది. రెండో గేరులో ఇంజిన్ బ్రేకింగ్‌తో నిదానంగా దిగుతూ, ముందు బ్రేక్ మెల్లగా పట్టినప్పుడు ఫోర్క్ ఎంత మునుగుతోందో గమనించండి. బాగా మునిగిపోతుంటే కంప్రెషన్ రెండు క్లిక్కులు పెంచండి.

ఈ మునగడం మీదే బీఎండబ్ల్యూకి ఒక పాత పట్టుదల ఉంది. టెలిలివర్ అని, 1993లో మొదలైంది. బ్రేక్ వేసినప్పటి తోపుని ఫోర్క్ గొట్టాలకి వదలకుండా ఇంగ్లీషు A అక్షరం ఆకారపు చెయ్యి ఒకటి ఫ్రేముకి చేరవేస్తుంది, ముందు భాగం పెద్దగా కుంగదు. కొత్త ఆర్ 1300 ఆర్‌టీలో దాన్నే మెరుగుపరిచి ఉంచారు, అదే ఇంజిన్ ఉన్న ఆర్ 1300 ఆర్‌ఎస్‌లో మాత్రం మామూలు ఫోర్కే పెట్టారు. స్పోర్ట్ వైపు మొగ్గేవాడికి ముందు చక్రం ఏం చేస్తోందో చేతికి తెలియాలి, టెలిలివర్‌లో ఆ కబురు కొంచెం తక్కువ చేరుతుంది. నాకైతే మొగిలి ఘాట్ దిగేటప్పుడు ఆర్‌టీ కావాలి, ఎక్కేటప్పుడు ఆర్‌ఎస్ కావాలి.

ఎలక్ట్రానిక్ అయితే

బీఎండబ్ల్యూ 2004లో కే1200ఎస్‌లో బటన్‌తో సస్పెన్షన్ మార్చుకోవడం తెచ్చింది. అది స్క్రూడ్రైవర్ పనిని మోటారుకి అప్పగించడమే. 2012, 2013 ప్రాంతంలో సెమీ యాక్టివ్ వచ్చింది, ఇది వేరే జాతి. చక్రం ఎంత కదిలింది, బండి ఎంత వంగింది, బ్రేక్ ఎంత పడింది అని సెన్సర్లు చెప్తుంటే, నూనె దారిలో ఉండే వాల్వుని కంప్యూటర్ మిల్లీసెకన్లలో మారుస్తుంటుంది. స్కైహుక్ అనే మాట డుకాటీ, షోవా బ్రోచర్లలో కనబడుతుంది: బండిని ఆకాశానికి కొక్కెం వేసి వేలాడదీసినట్టు, కింద చక్రాలు ఎగిరినా పైన మనిషి కదలకూడదనే లెక్క.

బాగుంటుందా అంటే, చాలా బాగుంటుంది, ఒకే రోజులో ఆరు లేన్ల రోడ్డు, పల్లె రోడ్డు, ఘాట్ మూడూ ఉంటే ఇంకా. కానీ చాలావాటిలో అది మార్చేది డ్యాంపింగ్‌నే, అంటే నూనెని. స్ప్రింగ్ అదే స్ప్రింగ్. బీఎండబ్ల్యూ ఆర్ 1300 బండ్లకి ఇచ్చే డీఎస్ఏ లాంటి కొత్త ఏర్పాట్లే స్ప్రింగ్ గట్టితనాన్ని కూడా మార్చగలుగుతున్నాయి. అందుకని షోరూంలో ఈ మూడు అడగండి: ప్రీలోడ్ కూడా ఎలక్ట్రానిక్కేనా, చేత్తో తిప్పాలా? బరువుని అదే కనిపెడుతుందా, ఒక్కరా ఇద్దరా అని చెప్పే స్క్రీన్ మీది హెల్మెట్ బొమ్మ నేను మార్చాలా? వారంటీ అయిపోయాక వెనక షాక్ ఒక్కటే మార్చాలంటే ఎంత? మూడోదానికి జవాబు రాసి ఇమ్మనండి. బొమ్మ మార్చే రకమైతే, ఇద్దరి బొమ్మ పెట్టి మర్చిపోయి వారం ఒంటరిగా తిరిగేవాళ్లని చూశాను, నా పాత మెకానిక్ చేసిన పనే వాళ్లు బటన్‌తో చేసుకుంటున్నారు.

ఫోర్క్ సీల్స్ గురించి కూడా చెప్పాలి. కొత్త బండ్లలో ఎక్కువగా తిరగేసిన ఫోర్కులే, లావు గొట్టం పైన, మెరిసే సన్న గొట్టం కింద, చక్రం పక్కనే. కుప్పం వైపు గ్రానైట్ లారీల వెనక పోతే ఆ పొడి నేరుగా సీల్ అంచుకి చేరుతుంది. వారానికోసారి మెత్తని తడి గుడ్డతో ఆ గొట్టాలు తుడవండి. నూనె చెమ్మ కనబడితే గాబరాగా సీల్ మార్చకండి, ముందు పైనుండే దుమ్ము మూత దించి, పల్చటి ప్లాస్టిక్ ముక్క ఒకటి సీల్ అంచులోకి దూర్చి చుట్టూ తిప్పి ఇసుక లాగేయండి. చాలాసార్లు దాంతోనే ఆగిపోతుంది. ఆగకపోతే ఆలస్యం చేయొద్దు, నూనె బ్రేక్ ప్యాడ్ల మీద పడితే సంగతి వేరే.

ప్రీలోడ్ మార్చిన ప్రతిసారీ ఇంకో రెండు చూసుకోవాలి. వెనక ఎత్తు మారితే హెడ్‌లైట్ వెలుతురు కిందికో పైకో పోతుంది, రాత్రి ప్రయాణం ఉంటే గోడ ముందు పెట్టి సర్దుకోండి. చైన్ వదులు కూడా, మాన్యువల్‌లో చెప్పినట్టు స్టాండ్ మీదో నేల మీదో కొలిచాక, ఇద్దరు కూర్చున్నప్పుడు మరీ బిగుసుకుపోవడం లేదు కదా అని మూడోవాళ్ల చేత కింద వేలు పెట్టించి చూడండి. ఇంజిన్ ఆపి, న్యూట్రల్‌లో ఉన్నప్పుడే.